ముందు భీమిలి, తర్వాతే బీచ్ రోడ్డు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే దారి గురించి. విశాఖపట్నం ఆర్కే బీచ్ దగ్గర మొదలై సముద్రం పక్కనే భీమునిపట్నం (భీమిలి) దాకా సాగే పాతిక, ముప్పై కి.మీ. రోడ్డు అది. జాలరి పల్లెలు, తొట్లకొండ బౌద్ధ ఆరామం, ఎర్రమట్టి దిబ్బలు, డచ్చివారి సమాధులు అన్నీ దాని మీదే ఉన్నాయి. అందుకే ఈసారి పేజీలన్నీ ఆ దారికే ఇచ్చాం.

ప్రశ్న: మేం ఆరుగురం. ఉదయం 5:30కి రైలు దిగుతాం, రాత్రి 8 గంటలకు మళ్లీ రైలెక్కాలి. మధ్యలో కారు మాట్లాడుకుంటాం. ఏది ముందు, ఏది తర్వాత చూడాలి? (ఖమ్మం నుంచి ఓ పాఠకురాలు)

దారిలో ఏది ముందు తగిలితే అది ముందు చూడటం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. ఆర్కే బీచ్‌లో గంట, కైలాసగిరి మీద గంటన్నర, రుషికొండలో స్నానాలు, భోజనం. తొట్లకొండ ఎక్కేసరికి మధ్యాహ్నం రెండవుతుంది, రాయి మీద కాలు పెట్టలేరు. భీమిలి చేరేసరికి నాలుగున్నర దాటుతుంది. అప్పటికి పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉంటాయి, చేపల గంపలు ఎప్పుడో లేచిపోయి ఉంటాయి. నవంబరు ఆఖర్లో ఇక్కడ 5:20కే పొద్దు గుంకుతుంది కాబట్టి వచ్చేటప్పుడు చూద్దామనుకున్న దిబ్బల దగ్గర దిగేసరికి చీకటే.

కాబట్టి స్టేషన్ నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా భీమిలికి వెళ్లండి. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంటుంది, ముప్పావు గంట నుంచి గంటలో చేరతారు. ఏడు నుంచి ఎనిమిది దాకా ఒడ్డున చేపలు దించే చోట, ఆ తర్వాత లైట్‌హౌస్, డచ్చి సమాధులు, పాత ఊరు. అక్కడే టిఫిన్. వెనక్కి నాలుగైదు కి.మీ. వస్తే ఎర్రమట్టి దిబ్బలు. తొమ్మిదిలోపు దిగండి, గంట చాలు. పది ప్రాంతంలో తొట్లకొండ, కనీసం గంటన్నర. పన్నెండున్నరకు రుషికొండ దగ్గర భోజనం, నీడలో కాసేపు నడుం వాల్చడం. మూడున్నరకు ఆర్కే బీచ్ సబ్‌మెరైన్ మ్యూజియం, అది అయ్యాక ఒడ్డున కూర్చుని మురీ మిక్చర్ తింటూ రైలు టైము చూసుకోవచ్చు.

ఈ వరస చలికాలానికి, అంటే నవంబరు ఆఖరి నుంచి ఫిబ్రవరి దాకా సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో దిబ్బలు, తొట్లకొండ రెండూ ఒకే పూట పెట్టుకోవద్దు. పెద్దవాళ్లుంటే దిబ్బలు వదిలేయండి, అక్కడ తలదాచుకునే నీడ దొరకదు. కొండ మీద చెట్లున్నాయి, గాలీ ఉంటుంది.

ఇంకో రెండు మాటలు. సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు. ఇక, తూర్పు తీరం కాబట్టి సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది గానీ సముద్రంలో గుంకదు. సాయంత్రం సూర్యుడు మీ వీపు వెనక కొండల్లోకి దిగుతాడు. సూర్యాస్తమయం ఫొటో కోసం ఒడ్డున గంట కాచుకుని నిరాశపడేవాళ్లు ప్రతి ఆదివారం కనిపిస్తారు. మే, జూన్‌లో పొద్దు పొడిచేది 5:25 ప్రాంతంలో, జనవరిలో 6:30 ప్రాంతంలో. దాన్ని బట్టి బయల్దేరండి.

ప్రశ్న: తొట్లకొండకు పిల్లల్ని తీసుకెళ్తే "రాళ్లు తప్ప ఏముంది?" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఏం చూడాలో అర్థం కాలేదు. ఈసారైనా తెలుసుకుని వెళ్దామని. (తెనాలి నుంచి ఓ పాఠకుడు)

పిల్లల తప్పేం లేదు. అక్కడ మిగిలినవి ఎక్కువగా పునాదులే. గోడ లేని ఇంటిని చూడాలంటే దాని ఆకారం చదవడం రావాలి. అది చాలా తేలిక, ముందు పిల్లలకు నేర్పండి. పునాది గుండ్రంగా, నిండుగా ఉంటే చాలావరకు స్తూపం. చిన్న చిన్న గుండ్రాలు కనిపిస్తే అవి మొక్కుబడి స్తూపాలు. ఒక చివర తిన్నగా, రెండో చివర ఏనుగు వెనక భాగంలా వంపు తిరిగి ఉంటే చైత్యగృహం, అంటే పూజ చేసే మందిరం. ఆ ఆకారాన్నే గజపృష్ఠాకారం అంటారు. ఒకే కొలత చిన్న గదులు వరసగా ఉంటే విహారం, భిక్షువులు పడుకునే చోటు. స్తంభాల మొదళ్లు వరసల్లో నిలబడి ఉంటే అందరూ కూడే మండపం. ఈ గుర్తులు చెప్పి "ఎవరు ఎన్ని కనిపెడతారో చూద్దాం" అని వదిలితే గంట తెలియకుండా గడుస్తుంది.

ఆ తర్వాత తొట్లు చూపించండి. కొండకు పేరు వచ్చింది వాటివల్లే. పక్కనున్న బావికొండకు బావుల వల్ల, భీమిలి పావురాలకొండకు పావురాల వల్ల పేర్లు వచ్చినట్టే. 128 మీటర్ల ఎత్తున్న కొండ నెత్తిన ఏ నదీ పారదు. అందుకని రాతిని తొలిచి తొట్లు చేసి, వాన నీళ్లు పట్టుకున్నారు. భోజనశాల, వంటిల్లు, సామాన్ల కొట్టు అన్నీ అక్కడే బయటపడ్డాయి. ఇంత ఏర్పాటు ఎందుకంటే, వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఊళ్లు తిరగకుండా ఒకచోట ఉండాలన్నది సంఘం నియమం. దాన్నే వర్షావాసం అంటారు. తిండి, నీళ్లు కొండ మీదే ఉంటే గానీ అది సాగదు.

సముద్రం వైపు నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఇక్కడ శాతవాహనుల సీసపు నాణేలు తొమ్మిది, రోమన్ వెండి నాణేలు అయిదు దొరికాయి. ఎక్కడి రోము, ఎక్కడి ఈ కొండ కింది మంగమారిపేట! ఓడ వర్తకులు, భిక్షువులు ఒకరికొకరు ఆసరాగా బతికిన తీరం ఇది. క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం దాకా ఈ ఆరామం నడిచిందని చెబుతారు. బ్రాహ్మీ లిపిలో 12 శాసనాలు వెలుగు చూశాయి.

ఆ తర్వాత అడవిలో మరుగునపడిన ఈ చోటును 1970ల్లో నౌకాదళం స్థావరం కోసం విమానం మీదినుంచి సర్వే చేస్తుండగా గుర్తించారు. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఒక్క జాగ్రత్త. మహాస్తూపంలో కనిపించే ప్రతి రాయీ రెండు వేల ఏళ్ల నాడు పేర్చింది కాదు. తవ్వకాల తర్వాత కొంత పునర్నిర్మించారు. 2019 అక్టోబరు వానలకు అందులో కొంత భాగం కూలింది, మళ్లీ కట్టారు. పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పండి, పాత రాయికీ కొత్త రాయికీ తేడా వాళ్లే పడతారు.

పునాదుల మీద ఎక్కి నడవనివ్వకండి. ఇక్కడి రాయి ఖొండలైట్, ఎండకూ వానకూ పొరలుగా ఊడి పిండిలా రాలే రకం. పైన తినుబండారాలు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకుండా నీళ్లు కిందినుంచే పట్టుకెళ్లండి. సముద్రం నీలంగా రావాలంటే ఫొటోలు మధ్యాహ్నం మూడు తర్వాత తీయాలి. ఉదయం సూర్యుడు సరిగ్గా సముద్రం మీదే ఉంటాడు, నీళ్లు తెల్లగా మెరుస్తాయి తప్ప రంగు రాదు. అయినా ఎండ కన్నా ఫొటో ముఖ్యం కాదు కాబట్టి ఉదయమే వెళ్లమంటాం.

ప్రశ్న: కారు లేకుండా సిటీ బస్సుల్లో ఇదంతా చూడొచ్చా? (రాజాం నుంచి ఓ విద్యార్థిని)

చూడొచ్చు, కానీ అన్నీ కాదు. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లేది 900కె. 999 కూడా భీమిలే వెళ్తుంది గానీ హైవే మీదుగా ఆనందపురం వైపు తిరిగి వెళ్తుంది, మీకు సముద్రమే కనిపించదు. ఎక్కేముందు కండక్టర్ని "బీచ్ రోడ్డు మీదుగానేనా అండీ?" అని అడగండి. వెళ్లేటప్పుడు కుడి పక్క కిటికీ, వచ్చేటప్పుడు ఎడమ పక్క.

బస్సులో వచ్చేవాళ్లకు ఇబ్బంది తొట్లకొండ దగ్గరే. బస్సు కింద రోడ్డు మీద దింపుతుంది, అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు నడిచి ఎక్కాలి, అరగంటకు పైనే. ఎండలో ఇది చిన్న పని కాదు. నలుగురు కలిసి భీమిలి నుంచే ఆటో మాట్లాడుకుని, దిబ్బలూ కొండా చూపించి బీచ్ రోడ్డు మీద దింపేలా బేరం చేసుకోవడం మేలు. బేరంలో "కొండ పైదాకా, పైన గంటన్నర ఆగాలి" అన్న మాట ముందే అనాలి. లేకపోతే గేటు దగ్గర గొడవవుతుంది. 2025 ఆగస్టులో ఆర్కే బీచ్, తొట్లకొండల మధ్య డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. అవి తిరుగుతున్న రోజైతే పై అంతస్తులో కూర్చోండి.

ప్రశ్న: ఎర్రమట్టి దిబ్బలు అంత ఎర్రగా ఎందుకుంటాయి? పిల్లలు వాటి మీద జారొచ్చా? లోపల దారి తప్పుతామని కూడా విన్నాం, నిజమేనా? (కర్నూలు నుంచి ఓ పాఠకుడు)

మట్టి అంటాం గానీ అది ఇసుక. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎగరేసి ఇక్కడ కుప్పపోసింది. తూర్పు కనుమల రాళ్లలో గార్నెట్ లాంటి ఇనుమున్న ఖనిజాలు ఎక్కువ, వాటి ముక్కలు ఈ ఇసుకలో కలిసి ఉంటాయి. వేల ఏళ్లలో అవి శిథిలమై ఇనుము తుప్పుగా మారి, ప్రతి రేణువు చుట్టూ పల్చటి ఎర్ర పొరగా అంటుకుంది. తుప్పు పట్టిన ఇసుక అనుకోండి. ఆ తర్వాత వాన నీళ్లు కోసి గండ్లు, సందులు చేశాయి. ఇలాంటివి తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో తప్ప ఈ చుట్టుపక్కల లేవు. 2014లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోనూ చేరాయి.

జారొద్దు. ఒక్కసారి జారితే గోడ మీది గట్టి పెంకు ఊడిపోతుంది, కింద ఉన్నది వదులు ఇసుక. తర్వాతి వాన ఆ గాటునే పెద్దది చేస్తుంది. గోడల మీద పేర్లు చెక్కడమూ అంతే. పైగా అది ప్రమాదం. నిటారుగా నిలబడ్డ గోడల అడుగును నీళ్లు తొలిచి ఉంటాయి, చూడటానికి గట్టిగా ఉన్నా వాన పడ్డ మర్నాడు పెళ్లలు విరిగిపడతాయి. గోడ ఎంత ఎత్తుందో కనీసం అంత దూరంలో నిలబడండి. మబ్బు పట్టి ఉంటే సందుల్లోకి అసలు దిగొద్దు.

దారి తప్పుతారన్నది నిజమే. నాలుగు మలుపులు తిరిగితే అన్ని గోడలూ ఒకేలా కనిపిస్తాయి. కంగారుపడి ఎత్తు వైపు నడిస్తే సందు సన్నబడి గోడ దగ్గర ఆగిపోతుంది. నీళ్లు పారిన గాడి వెంట దిగువకు నడవండి. ఇక్కడి వాగు గాడులు చివరికి సముద్రం వైపే దిగుతాయి, అక్కణ్నుంచి దారి దొరుకుతుంది. అసలు ఆ గొడవ లేకుండా ఉండాలంటే దిగిన చోట ఒక తాటిచెట్టో, జీడితోట మూలో గుర్తు పెట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి. వచ్చేటప్పుడు కనిపించేది ఆ వైపే కదా. మనిషికి లీటరున్నర నీళ్లు, కాలు మూసుకునే బూట్లు ఉండాలి.

పక్కనే నౌకాదళం స్థావరం ఉంది. కంచె, బోర్డులు ఉన్న వైపు కెమెరా తిప్పొద్దు. డ్రోన్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. తెల్లబట్టలు వద్దు. ఆ ఎరుపు తుప్పు మరకే. అంటితే ఎండనిచ్చి దులిపి, చల్లటి నీళ్లలో సబ్బుతో ఉతకండి. పోకపోతే నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో ఉంచండి. క్లోరిన్ బ్లీచ్ మాత్రం వేయకండి, తుప్పు మరక దాంతో ఇంకా గట్టిపడుతుంది.

ప్రశ్న: పల్లెకారుల దగ్గరే చేపలు కొనాలని ఉంది. ఫొటోలు కూడా తీసుకోవాలి. వాళ్లు ఏమైనా అనుకుంటారా? కొన్న చేపలు సాయంత్రం దాకా నిలుస్తాయా? (నల్లగొండ నుంచి ఓ పాఠకుడు)

ముందు తేదీ చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. మర పడవలు కదలవు. ఇంజను లేని తెప్పలు మాత్రమే వెళ్తాయి, చేప తక్కువ, ధర ఎక్కువ. ఆ రెండు నెలల్లో ఒడ్డున సందడి చూద్దామని వస్తే పడవలకు రంగులు వేయడం, వలలు అల్లుకోవడమే చూస్తారు. అదీ చూడదగ్గదే అనుకోండి.

మిగతా రోజుల్లో రాత్రి వేటకు వెళ్లిన పడవలు తెల్లవారాక ఒడ్డుకు వస్తాయి. మీ అదృష్టం బాగుంటే అలివి వల లాగడం కూడా కనిపిస్తుంది. వలను పడవలో తీసుకెళ్లి అర్ధచంద్రంలా వదిలి, రెండు చివరల తాళ్లను ఒడ్డున రెండు జట్లు లాగుతాయి. లాగుతున్న కొద్దీ జట్లు రెండూ ఒకదానికొకటి దగ్గరవుతాయి, మధ్యలో ఉన్న సంచిలో చేప ఉంటుంది. గంట పైనే పట్టే పని. ఆ రెండు తాళ్ల మధ్య నిలబడి సెల్ఫీలు తీసుకోవద్దు. తాడు బిగిసినప్పుడు కాలికి తగిలితే పడేస్తుంది. "అన్నా, మేమూ ఓ చెయ్యి వేయొచ్చా?" అంటే సాధారణంగా కాదనరు, కానీ అరచేతులు ఒరుసుకుపోతాయి, గుడ్డ చుట్టుకోండి.

మనుషుల ఫొటో తీసేముందు అడగాలి, ముఖ్యంగా చేపలమ్మే ఆడవాళ్లను. "అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?" అన్న ఒక్క మాట చాలు. బేరం మధ్యలో మాత్రం అడక్కండి, అది వాళ్లకు రోజు మొత్తమ్మీద ఆ ఒక్క గంట. పడవలోకి చెప్పులతో ఎక్కొద్దు. దానికి పసుపు కుంకుమ పెడతారు, గంగమ్మకు మొక్కుతారు. ఇసుకలో ఆరేసిన వలల మీద నడవొద్దు, ఎండుచేపలు పరిచిన టార్పాలిన్లు దాటొద్దు. వలలోంచి తీసి పారేసిన జెల్లీ చేపలను, టేకు చేపలను పిల్లలు ముట్టుకోకుండా చూడండి. చచ్చినట్టు ఉన్నా జెల్లీ చేప కుడుతుంది, టేకు తోక ముల్లూ గుచ్చుకుంటుంది. టేకు ముల్లు దిగితే ఆ కాలిని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఉంచండి, నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టరు.

ఇక చేపలు. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. ఒడ్డున మొదటి ధర మీకోసం చెప్పిన ధర, పక్కన ఇద్దరు ఎంతకు కొన్నారో చూసి మాట్లాడండి. సాయంత్రం దాకా నిలవాలంటే పేగులు, మొప్పలు అక్కడే తీయించండి, ముందు పాడయ్యేవి అవే. కిలో చేపకు కిలో ఐసు. థర్మాకోల్ పెట్టెలో అడుగున ఐసు, ఆపైన చేప, మళ్లీ ఐసు, ఇలా పొరలు పొరలుగా సర్దాలి. ఐసు ముక్కలు పెద్దవైతే చేపకు తగలవు, చితక్కొట్టించండి. కరిగిన నీళ్లలో చేప నానకుండా పెట్టె అడుగున చిన్న కంత పెట్టి, కింద ట్రే ఉంచండి. అందరూ తప్పేది ఇక్కడే. ఐసు బాగానే వేస్తారు, నీళ్లు తీయరు, సాయంత్రానికి చేప మెత్తబడుతుంది. కానాగంతలు, కవ్వళ్లు లాంటి నూనె చేపలు ఇంకా త్వరగా చెడతాయి. దూరం వెళ్లేది ఉంటే వంజరం, చందువా తీసుకోండి. రాత్రంతా రైలు ప్రయాణం అంటే మాత్రం పచ్చి చేపల ఊసే వద్దు, ఎండు నెత్తళ్లు రెండు కవర్లలో కట్టించుకోండి. పక్క బెర్తు వాళ్లు మిమ్మల్ని తిట్టుకోకుండా ఉంటారు.

ప్రశ్న: మంగమారిపేట దగ్గర సముద్రంలో సహజ శిలాతోరణం ఉందని వెళ్తే నీళ్లు తప్ప ఏం కనిపించలేదు. (హైదరాబాద్ నుంచి ఓ పాఠకురాలు)

మీరు పోటు వేళ వెళ్లారు. దాని దగ్గరికి నడిచి వెళ్లగలిగేది పాటు వేళే, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే. ఇక్కడ 24 గంటల 50 నిమిషాల్లో రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. అంటే ఇవాళ ఉదయం 8 గంటలకు నీళ్లు తగ్గితే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా తగ్గుతాయి. పున్నమి, అమావాస్యలకూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకూ నీళ్లు బాగా దిగుతాయి. అష్టమి, నవముల్లో తేడా తక్కువ, ఆ రోజుల్లో వెళ్లి లాభం లేదు. ఫోన్లో విశాఖ పోటుపాట్ల పట్టిక చూడండి, లేదా పేటలో ఎవర్నడిగినా చెబుతారు. పాటు పూర్తిగా దిగే సమయానికి గంట ముందు చేరి, నీళ్లు మళ్లీ తిరగగానే వెనక్కి వచ్చేయాలి.

రాళ్ల మీద నాచు, పదునైన పెంకులు ఉంటాయి. హవాయి చెప్పులు జారతాయి, వట్టికాళ్లు తెగుతాయి. తోరణం మీదికి ఎక్కడం, కింద నిలబడి గంతులేయడం రెండూ వద్దు. అలలు తొలిచిన రాయి అది, ఇంకా తొలుస్తూనే ఉన్నాయి. ఈ ఒక్కదాని కోసం పైన చెప్పిన వరసంతా మార్చుకోవచ్చా అంటే, పాటు ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య పడితేనే. తొట్లకొండకు ముందో వెనకో గంటలో అయిపోతుంది.

ప్రశ్న: ఈ దారిలో ఎక్కడ స్నానం చేస్తే భయం లేదు? (వరంగల్ నుంచి ఓ పాఠకుడు)

భయం లేని చోటు ఒక్కటీ లేదు. ఉన్నంతలో రుషికొండ, లైఫ్‌గార్డులు ఉన్న హద్దు లోపల, వాళ్లు ఉన్న వేళల్లో. శుభ్రత, భద్రతలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, బట్టలు మార్చుకునే గదులూ ఉన్నాయి. ఆర్కే బీచ్‌లో మోకాళ్ల లోతు దాటొద్దు. అల వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట అసలు దిగొద్దు. నది నీళ్లు, పోటుపాట్లు కలిసి ప్రవాహం ఎటు తిరుగుతుందో పైకి తెలియదు, ఇసుక తిన్నెలు కూడా జరుగుతుంటాయి.

అలల వరసల మధ్య ఒకచోట నీళ్లు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అది మంచి చోటనుకుంటారు. లోపలికి లాగే ప్రవాహం ఉండేది అక్కడే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. ఈత రాని వాళ్లు ఒడ్డు నుంచి పరిగెత్తుకెళ్లి కాపాడబోవద్దు. తాడో, ఖాళీ డబ్బావో విసరండి, జాలర్లను పిలవండి.

ప్రశ్న: భీమిలిలో డచ్చివాళ్ల ఆనవాళ్లు ఏం మిగిలాయి? (విజయవాడ నుంచి ఓ చరిత్ర ఉపాధ్యాయురాలు)

బాగా మిగిలినవి సమాధులే. ఒడ్డుకు దగ్గర్లో, లైట్‌హౌస్ పరిసరాల్లో ఉన్నాయి. కొన్ని పిరమిడ్‌లా, కొన్ని కొనదేలిన స్తంభాల్లా కట్టారు, రాతి పలకల మీద డచ్చి అక్షరాలు చెక్కారు. ఉప్పుగాలికి చాలా పలకలు అరిగాయి. నిటారు ఎండలో అక్షరం కనిపించదు, ఏడెనిమిది గంటలకు పక్కనుంచి ఎండ పడుతున్నప్పుడు చదవండి. అరిగిన చోట మొబైల్ టార్చిని పలక పక్కనుంచి వేస్తే గాట్లు తేలతాయి. సుద్దముక్క రుద్దడం, నీళ్లు పోయడం చేయొద్దు. తాళం వేసి ఉంటే పక్క ఇళ్లలో అడగండి, గోడ మాత్రం దూకొద్దు.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలో ఇక్కడ స్థావరం పెట్టింది. 1824 ఒప్పందం తర్వాత, 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది, దేశంలో అతి పాతవాటిలో ఒకటి. మీ పిల్లలకు ఒక చిక్కు ప్రశ్న ఇవ్వండి: ప్రపంచ నార మార్కెట్లో ఈ ఊరి పేరు ఏ రూపంలో ఉంది? జవాబు, "బిమ్లీ జ్యూట్". ఇక్కడి రేవు నుంచి ఓడలెక్కిన గోగునార అది. మనం పప్పులో వేసుకునే గోంగూరకు చుట్టమే.

పాత ఊర్లో గడియార స్తంభం, చర్చి నడిచి చూడొచ్చు. నరసింహస్వామి గుడి ఉన్న కొండే పావురాలకొండ, అక్కడా రాతి తొట్లున్న బౌద్ధ స్థలం ఉంది. ఒక్క రోజు యాత్రలో దాన్ని ఇరికించమని మాత్రం చెప్పం.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సబ్‌మెరైన్ చూడగలదా? (నెల్లూరు నుంచి ఓ పాఠకురాలు)

కష్టం. మ్యూజియంగా మార్చిన ఆ సబ్‌మెరైన్, ఐఎన్ఎస్ కుర్సురా, 91 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. లోపల ఏడు విభాగాలు, ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్లేందుకు గుండ్రటి తలుపులు. ప్రతిచోటా కాలు ఎత్తి, నడుం వంచి, తల లోపలికి తీసుకుని దాటాలి. వెనక జనం వస్తుంటారు, మధ్యలో ఆగి తిరిగి వెళ్లే వీలుండదు. ఇరుకు చోటంటే ఊపిరాడనట్టు అనిపించే వాళ్లకూ ఇదే మాట. అమ్మగారిని బయట నీడలో కూర్చోబెట్టి మీరు విడతలుగా వెళ్లి రండి, అరగంట పని. ఎదురుగా ఉన్న టీయూ 142 విమానాన్ని బయటినుంచి చూసినా దాని పరిమాణం తెలుస్తుంది. తొట్లకొండ మాత్రం ఆమె చూడగలరు, కారు పైదాకా వెళ్తుంది, అక్కడ ఎత్తుపల్లాలు తక్కువున్న వైపు చేతికర్రతో నడవొచ్చు.

ప్రశ్న: అదే రోజు బొజ్జన్నకొండ కూడా కలుపుకోవచ్చా? (ఏలూరు నుంచి ఓ పాఠకుడు)

వద్దు. ఆ బౌద్ధ స్థలం అనకాపల్లి దగ్గర, నగరానికి పూర్తిగా అవతలి వైపు, దాదాపు 40 కి.మీ. మీరు ఏలూరు నుంచి రోడ్డు మీద వస్తుంటే అది వచ్చే దారిలోనే పడుతుంది. ముందు రోజు మధ్యాహ్నం దాటాక అక్కడ దిగి, రాత్రికి విశాఖ చేరి, మర్నాడు తెల్లవారకముందే భీమిలి బండెక్కండి. అక్టోబరు, నవంబరులో అయితే బయల్దేరే ముందు తుపాను హెచ్చరిక చూసుకోండి. హుద్‌హుద్ ఈ తీరాన్ని తాకింది 2014 అక్టోబరు 12న. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే పడవలు వెళ్లవు, కొండ మీదికీ దిబ్బల్లోకీ వెళ్లకూడదు. టికెట్లు రద్దు చేసుకోవడమే.